వెంకట్రాం పిర్రల తూట

జనగామ అంగడి బజార్ల బెల్లం దుకాణం వెంకట్రాం కుర్చీల నిండ కూసునంగ ఎవ్వలన్న సూసిండ్రా? సూడరు. ఒక దిక్కు పిర్ర లేపి, అంచుకు కూసునేటోడు. అరవై తొమ్మిదిల జై తెలంగాణ అని ఊరేగింపు పోతుంటే తుపాకి పేలిందట, తూట పోయి ఆయన పిర్రల దిగిందట. గా తూట పేరు మీద ఊరంత ఆయనకు ముందు కుర్చీ ఏసేది. పెండ్లైతే మొదటి బంతి, పంచాయితైతే మొదటి మాట.

అసలు ముచ్చట పెండ్లాం కస్తూరికే ఎరుక. పోలీసాయన ఈల ఊదిండు, ఈయన ఉరికి ఉరికి తుమ్మకంపల వడ్డడు. ఆమెనే సూదివెట్టి ముండ్లు దీసింది. నాకెట్ల తెలుసంటరా? మా రెండిండ్లకు నడుమ గోడ ఒక్కటే. గోడకు చెవులుంటయంటరు గద, గా చెవి నాదే.

ఎనభై రెండుల ఒక డాక్టరు పట్నం నుంచి ఎక్స్‌రే మిషిన్ తెచ్చిండు. తోలు మీదికెల్లే బొక్కల ఫోటో దీస్తదంటే జనం నోరు తెరిచిండ్రు. ఎదురు దుకాణం గోవర్ధన్‌కు గదే గావాలె.

"సేటూ, నీ తూట ఫోటో దీపిద్దాం. పటం గట్టి చౌరస్తల పెడదాం!"

వెంకట్రాం ఇయ్యాల జెరమన్నడు, రేపు అమాసన్నడు. ఆఖరికి నలుగురు గుంజి రిక్షల పడేసిండ్రు. సూసెతందుకు నర్మెట్ట నుంచి బండ్లు కట్టుకొని వచ్చిండ్రు. దవాఖాన ముంగట ఇసుక వోస్తే రాలది.

లోపట మిషిన్ గుర్రుమన్నది. డాక్టరు ఫోటో తెచ్చి ఎండకు పెట్టిండు. బొక్కల నడుమ తెల్లగ, ఏలంత పొడుగు, కొసలు గుండ్రంగ!

"తూట! తూట!" జనం ఎగిరి దుంకిండ్రు. అందరికంటె ఎక్కువ పరేషానైంది వెంకట్రామే. కస్తూరి కొంగు నోట్లె కుక్కుకున్నది.

"ఏందే, ఎందుకు నవ్వుతున్నవ్?"

"గది మీ మొలతాడు తాయెత్తు. అత్తమ్మ కట్టింది." ఆయన చెవుల ఊదింది.

"ఊకో! ఊకో!" అనుకుంట ఛాతి ఇరిసి బయటికి నడిసిండు. గంతల డాక్టరు ఎనుక నుంచి పిలిసిండు.

"ఆగవయ్యా! ఇన్నేండ్లు లోపట పెట్టుకుంటవా? విషమైతది. రేపే కోసి దీస్త."

ఇంటికొచ్చినంక వెంకట్రాంకు బువ్వ దిగలే.

"ఒప్పుకుంటరా, కోయించుకుంటరా?" అన్నది కస్తూరి.

"ఒప్పుకుంటె కుర్చీ పాయె, ఒప్పుకోకుంటె పిర్ర పాయె. ఏం జెయ్యాల్నే?"

ఆమె మొలతాడు దిక్కు సూసింది. కత్తెర తెచ్చి ముంగట పెట్టింది.

తెల్లారి డాక్టరు కత్తులు ఉడకవెడుతుంటే, "సారూ, కోసే ముందు ఇంకోపాలి ఫోటో దీయుండ్రి. ఏడికన్న జరిగిందేమో" అన్నడు వెంకట్రాం. దీసిండు. బొక్కలు బొక్కల్లెక్కనే ఉన్నయ్. తూట లేదు! డాక్టరు ఫోటోను తిప్పిండు, బోర్లిచ్చిండు, మిషిన్‌ను రెండు గుద్దులు గుద్దిండు.

"ఏమాయె సేటూ నీ తూట?" గోవర్ధన్ పండ్లికిలిచ్చిండు.

వెంకట్రాం కన్నార్పలే. "పొద్దుగాల చెర్వుకట్ట దిక్కు చెంబు వట్టుకపోయిన. ఏదో టంగుమన్నది."

"అయితే సూపెట్టు!"

"నేనెందుకు సూపెడత? నీకు గావాల్నంటె పోయి దేవులాడుకో."

పోయిండుల్లా! ముక్కుకు రుమాల్ గట్టుకొని, కట్టె వట్టుకొని, పొద్దు నెత్తికొచ్చెదాంక గోవర్ధన్ కెలికిండు. కట్ట మీద నిలవడి జనగామంత సూసింది.

గా మాపటికి చౌరస్తల వెంకట్రాం ముందు కుర్చీలనే కూసున్నడు. ఈపాలి నిండ కూసున్నడు.