ఇత్తడక్క కొలత

ఆ రైలు గాల్లో తేలుతూ పోతుందని ఊరంతా నమ్ముతుంది. ఒంటి దూలం మీద, మేడల రెండో అంతస్తు కిటికీల పక్కనుంచి, పెద్దగా చప్పుడు లేకుండా జారిపోతుంటే చూసేవాళ్లకు అలాగే అనిపిస్తుంది మరి. షెడ్డులో పనిచేసేవాళ్లని అడిగితే మాత్రం అందులో సగమే నిజమంటారు. అయస్కాంతాలు దూలానికి కింది వైపున ఉండి, దూలంలోని ఇనుప పట్టా కేసి పైకి లాక్కుంటూ రైలు బరువును మోస్తాయి. పది మూటల బరువుంటే ఎనిమిదిన్నర మూటలు వాటివే. మిగతా ఒకటిన్నర మూట దూలం మీద దొర్లే రబ్బరు చక్రాలు మోయాలి. మోయడమే కాదు, అయస్కాంతం పోయి దూలానికి అతుక్కోకుండా, దూరం జరిగి పట్టు వదిలేయకుండా, మధ్యలో వేలు మందం సందు ఎప్పుడూ ఒకేలా ఉండేట్టు కాయాల్సింది కూడా ఆ చక్రాలే. ఆ సందు సరిగ్గా ఉందో లేదో కొలిచేది ఇత్తడక్క.

అది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదని వేరే చెప్పాలా? షెడ్డులోకి ఇనుము రానివ్వరు. గుమ్మం దగ్గర బుట్టలుంటాయి. తాళాలు, గడియారాలు, బెల్టులు, ఆఖరికి తలపిన్నులు కూడా అందులో పడేసి లోపలికి రావాలి. కొత్తగా చేరిన గుమాస్తా ఒకాయన తాళాల గుత్తి నడుముకు వేలాడేసుకుని వచ్చి, అయస్కాంతం పక్కన ప్యాంటుతో సహా అతుక్కుపోతే నలుగురు కలిసి లాగారు. పాపం, ఆయన బదిలీ అయిపోయినా ఆ కథ మాత్రం బదిలీ కాలేదు. అందుకే సందు కొలిచే బద్ద కూడా ఇత్తడిదే. జానెడు పొడవు, వేలు మందం. అది అయస్కాంతానికీ పట్టాకీ మధ్య దూర్చితే బిగుతుగా, కాస్త రాసుకుంటూ పోవాలి. వదులుగా పోతే సందు ఎక్కువైనట్టు, పోకపోతే తక్కువైనట్టు. అంతే విద్య. కానీ రోజుకు ఇరవై నాలుగు చక్రాల దగ్గర, రైలు కింద వంగి, ఇరవై రెండేళ్లు చేయాలంటే అంతే అనడానికి లేదు.

ఆమె ఆ షెడ్డులో ఊడ్చే మనిషిగా చేరింది. చీపురు పట్టుకుని పెద్ద మేస్త్రి వెనకాలే తిరుగుతూ, ఆయన కొలిచేప్పుడు నోట్లో ఏదో గొణుక్కుంటూ ఉండేది. ఒకరోజు ఆయన వెనక్కి తిరిగి, "ఏమిటమ్మా నీ సణుగుడు?" అన్నాడు. "ఏడో చక్రం వదులుగా ఉంది సార్, మీరు సరే అన్నారు" అంది. ఆయనకు ముక్కు మీదే కోపం. అయినా మళ్లీ దూర్చి చూశాడు. వదులుగానే ఉంది. ఆ మర్నాటి నుంచి పని నేర్పాడు. నలుగురు మగాళ్లు మొహం మాడ్చుకున్నా లెక్కచేయలేదు. రిటైరై వెళ్లే రోజున తన బద్దను ఆమె చేతిలో పెట్టి, "ఇది నీది" అన్నాడు. అంత మంచి మాట ఆమెతో అప్పటిదాకా ఎవరూ అనలేదు.

స్టోరు నుంచి ఏటా కొత్త బద్ద ఇవ్వాలని రూలు. ఇత్తడి మెత్తనిది కదా, అరుగుతుంది. ఇత్తడక్క ఏటా స్టోరుకు పోయి పుస్తకంలో సంతకం పెట్టేది, బద్ద మాత్రం అక్కడే వదిలేసి వచ్చేది. "నాది బంగారంలా ఉంది, ఇంకోటెందుకు?" అనేది. స్టోరు గుమాస్తా కూడా ఆమెతో పెట్టుకోలేక, "సరే తల్లీ" అని అరలో పెట్టేసేవాడు.

ఇక తమ్ముడి సంగతి. తల్లి పోయాక ఇత్తడక్కే వాణ్ని ఎత్తుకుని పెంచింది. పెద్దయ్యాక షెడ్డులోనే చక్రాల పనిలో పెట్టించింది. నోట్లో నాలుక లేని మనిషి. అక్క సందు కొలిచి "బిగించు" అంటే బిగిస్తాడు, "వదులు" అంటే వదులు చేస్తాడు. కొలత కుదిరాక ఆమె బోల్టు మీద నుంచి చట్రం మీదకు ఎర్ర రంగుతో ఒక గీత గీస్తుంది. ఆ తర్వాత బోల్టును ఎవరు తిప్పినా గీత తెగుతుంది. గీసిన గీతను ముట్టుకోకూడదు. ఆ షెడ్డులో అంతకు మించిన తప్పు లేదు.

నాలుగేళ్లుగా అక్కకు ఒక్కటే గోల. "ఈ చక్రాల రబ్బరు నాసిరకం. ఒక్క రోజు తిరిగేసరికి నా బద్ద వదులుగా పోతోంది. ఎక్కడి నుంచి తెస్తున్నారో ఏమో!" వినేవాళ్ల చెవుల్లో జోరీగలా అదే మాట. తమ్ముడు మాత్రం తల వంచుకుని బోల్టులు బిగించుకునేవాడు.

అలా నడుస్తుండగా ఒక కొత్త ఇంజినీరమ్మ వచ్చింది. సన్నగా ఉండి, గట్టిగా మాట్లాడే పిల్ల. ప్రతి ఎర్ర గీతకూ మధ్యాహ్నం ఒక ఫొటో, మర్నాడు ఉదయం ఒక ఫొటో తీయడం మొదలుపెట్టింది. వారం కాకముందే అక్కను పిలిచి రెండేసి ఫొటోలు పక్కపక్కన పెట్టి చూపించింది. "చూడండక్కా. మీ గీత ఇక్కడ కిందికి కారింది. పొద్దునకి ఆ కారిన చుక్క లేదు. ఎవరో తుడిచి మళ్లీ గీశారు. ఇరవై నాలుగుకి ఇరవై నాలుగూ అంతే."

ఇత్తడక్కకు ఒళ్లు మండిపోయింది. అందరినీ వరసగా నిలబెట్టి, "ఎవడ్రా?" అని అరిచింది. తమ్ముడు ఒక అడుగు ముందుకు వేశాడు.

"నేనే అక్కా."

"నువ్వా? ఎందుకు?"

వాడు నేల చూపులు చూశాడు. ఇంజినీరమ్మ అడిగింది, తోటివాళ్లు అడిగారు. ఉలుకూ లేదు పలుకూ లేదు. పావు చుట్టు వదులు చేశానన్నాడు. అంతకు మించి నోరు విప్పితే ఒట్టు.

ఇత్తడక్కకు తల కొట్టేసినట్టయింది. తను పెట్టించిన ఉద్యోగం, తను పెంచిన పిల్లాడు, తను గీసిన గీత! రోజుకు వేలమంది ఎక్కే రైలు! ఇంజినీరమ్మ కాగితం ముందు పెట్టగానే, "నా కొలతలో తేడా లేదు. కొలిచాక బోల్టు తిప్పడం ప్రమాదం. తప్పు చేస్తే తమ్ముడైనా ఒకటే" అని రాసి సంతకం పెట్టేసింది. గురువారం నాడు పెద్ద మేనేజరు విచారణ. ఉద్యోగం ఊడడం ఖాయమని అందరికీ తెలిసిపోయింది. అంతవరకూ వాణ్ని షెడ్డుకు రావద్దన్నారు.

ఆ సాయంత్రమే మరదలు ఇంటికొచ్చింది. చెప్పులు కూడా విప్పలేదు.

"వదినా, మీ చేత్తో మీరే సంతకం పెట్టారట గదా!"

"పెట్టాను. ఏం చేయమంటావమ్మాయ్? వాడు చేసింది మామూలు తప్పా?"

"ఎందుకు చేశాడో కనుక్కున్నారా?"

"అడిగితే చెప్పడే! నువ్వడుగు."

"నాకూ చెప్పలేదు" అంది మరదలు. "ఒక్కటే అన్నాడు. అక్కను ఏమీ అనకు అని. నేను అనకూడదనే వచ్చాను, అనేశాను." వచ్చినంత విసురుగానే వెళ్లిపోయింది. ఇత్తడక్క పొయ్యి మీద కూర మాడుతున్నా లేవలేదు.

మంగళవారం, బుధవారం ఇంకొకడు వచ్చి చక్రాలు బిగించాడు. అక్క కొలిచింది, గీత గీసింది. గీతలు ఎక్కడివక్కడే ఉన్నాయి, ఎవరూ ముట్టుకోలేదు. బుధవారం మధ్యాహ్నం డ్రైవరు రైలు దిగి నేరుగా ఆమె దగ్గరకొచ్చాడు. చిరాగ్గా ఉన్నాడు.

"ఏం చేశారక్కా నా బండిని? మలుపు దగ్గర చక్రాలు జారుతున్నాయి. కీచుమంటోంది, ఊగుతోంది. నిన్న ఒక ముసలాయన పడబోయాడు. బ్రేకు వేస్తే ఆగాల్సిన చోట ఆగట్లేదు."

"నువ్వు నడిపే తీరులో ఉంటుంది తేడా" అంది అక్క.

"నాలుగేళ్లుగా లేని తేడా రెండు రోజుల్లో వచ్చిందా నేను నడిపే తీరులో?"

ఆమె బద్ద తీసుకుని రైలు కిందకు దూరింది. మొదటి చక్రం సరిగ్గా ఉంది. రెండోది సరిగ్గా ఉంది. ఇరవై నాలుగూ సరిగ్గా, బిగుతుగా, ఆమె కోరుకున్నట్టే ఉన్నాయి. ఈ నాలుగేళ్లలో వరసగా రెండు రోజులు అంత చక్కగా నిలిచిన కొలత ఆమె చూడలేదు. ఒక్క రోజు కూడా నిలవని రబ్బరు ఇప్పుడెలా నిలిచింది? ఆ ఆలోచన రాగానే బయటికొచ్చి స్టోరుకు నడిచింది.

"కొత్త బద్ద ఒకటివ్వు."

స్టోరు గుమాస్తా కళ్లద్దాలు సవరించుకుని ఆమెను ఎగాదిగా చూశాడు. "ఏమిటి విశేషం? బంగారం కరిగిపోయిందా?"

"ఎక్కువ మాట్లాడకు, ఇవ్వు."

కొత్త బద్ద మొదటి చక్రం దగ్గర దూరలేదు. అంచు తగిలి ఆగిపోయింది. నెట్టింది, కదల్లేదు. "వీటిని లావుగా చేసి పంపారు, దరిద్రులు" అంటూ మళ్లీ స్టోరుకు పోయి ఇంకోటి తెచ్చింది. అదీ దూరలేదు. మూడోది, నాలుగోది, ఆఖరికి ఆమె పేరున ఏటా సంతకం పెట్టి వదిలేసిన కట్టంతా తెచ్చి ఒక్కొక్కటే పెట్టి చూసింది. ఒక్కటీ దూరలేదు. అప్పుడు తన బద్దనూ కొత్తదాన్నీ జంటగా నేల మీద పడుకోబెట్టి పైనుంచి బొటనవేలితో తడిమింది. రెండు పోస్టుకార్డుల తేడా తగిలింది.

అంతే, రైలు కిందే కూలబడిపోయింది. అరిగింది చక్రాలు కాదు. సన్నబడ్డ బద్దకు సరిపోయేట్టు ఆమె సందును తగ్గిస్తూ వచ్చింది. అయస్కాంతాలు దూలానికి దగ్గరై బరువు ఎక్కువ లాగేసుకుంటే, చక్రాల మీద బరువు మిగల్లేదు. బరువు లేని చక్రానికి పట్టేముంటుంది? జారుతుంది. ఆమె వెళ్లాక తమ్ముడు ప్రతి బోల్టునూ పావు చుట్టు వదిలి, సందును ఉండాల్సినంత చేసి, గీత మళ్లీ గీసి ఇంటికి పోయేవాడు. మర్నాడు ఆమె వచ్చి తన అరిగిన బద్ద వదులుగా పోతోందని రబ్బరును తిట్టేది!

ఇంకా ఘోరం, వాడు చెప్పకపోలేదు. అదీ గుర్తొచ్చింది. నాలుగేళ్ల కింద ఆమె జ్వరంతో పది రోజులు మంచాన పడితే వాడే స్టోరు బద్దతో కొలిచాడు. ఆమె లేచి వచ్చినప్పుడు, "అక్కా, ఆ బద్ద మార్చరాదా?" అన్నాడు. "మేస్త్రిగారి బద్దకు వంక పెట్టేంత వాడివయ్యావా?" అని అందరి ముందూ కడిగేసింది. ఇంకోసారి అంటే రెండు రోజులు మాట్లాడలేదు. మూడోసారి వాడు కొత్త బద్ద తెచ్చి ఆమె డబ్బాలో పెడితే, తీసి విసిరికొట్టింది.

గురువారం నాడు పెద్ద మేనేజరు గదిలో తమ్ముడు గోడ పక్కన నిలబడి ఉన్నాడు. మొహం పీక్కుపోయింది. ఇంజినీరమ్మ ఫొటోలు బల్ల మీద పరిచింది. ఇత్తడక్క తలుపు తోసుకుని వచ్చి, ఎవరూ అడక్కముందే తన బద్దను, కొత్తదాన్ని పక్కపక్కన ఆ ఫొటోల మీద పెట్టింది.

"సార్, నేను రాసిన కాగితం తప్పు. కొలతలో తేడా నాదే. వీడు దాన్ని సరిచేస్తూ వచ్చాడు."

"అక్కా, ఊరుకో" అన్నాడు తమ్ముడు.

"నువ్వు నోరు మూసుకో. నాలుగేళ్లు మూసుకున్నావు గదా, ఇంకో పది నిమిషాలు మూసుకో."

ఇంజినీరమ్మ రెండు బద్దలనూ తిప్పి తిప్పి చూసింది, కొలిచింది, మేనేజరుకు అందించింది. ఆయన వాటిని తనూ తడిమి చూశాడు. తర్వాత తమ్ముడి వైపు చూసి, "ఈ మాట నువ్వే చెప్పి ఉంటే నీ ఉద్యోగం దాకా వచ్చేదా?" అన్నాడు. వాడు పలకలేదు. ఎందుకు పలకలేదో ఇత్తడక్కకు తెలుసు. చెబితే పోయేది ఆమె పని. అందుకే తన ఉద్యోగం పోనివ్వడానికి సిద్ధపడి నిలబడ్డాడు.

వాడి ఉద్యోగం నిలిచింది. గీత ముట్టుకున్నందుకు మందలింపు రాశారు. ఏటా బద్ద మార్చకుండా సంతకాలు పెట్టినందుకు ఇత్తడక్కను కొలత పని నుంచి తీసేశారు. ఆమె తల ఊపింది.

"మరి రేపటి నుంచి ఎవరు కొలుస్తారు?" అని ఇంజినీరమ్మ అడిగింది.

"ఇంకెవరమ్మా? వాడే" అంది ఇత్తడక్క. "నాలుగేళ్లుగా ఆ రైలు నడిచింది వాడి కొలత మీదే. నేను కొలుస్తున్నాననుకున్నాను, అంతే."

బయట వరండాలో తమ్ముడు ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు. వాడికి అంత కోపం రావడం ఆమె ఎన్నడూ చూడలేదు.

"నిన్నెవరు చెప్పమన్నారక్కా? నేను ఇంకో పని చూసుకునేవాణ్ని. నీకు ఇది తప్ప ఏముంది?"

"మూడుసార్లు చెప్పావు గదరా. నాలుగోసారి చెంప పగలగొట్టి చెప్పాల్సింది."

"నిన్నా?" అన్నాడు వాడు, అదేదో జరగని పని అన్నట్టు.

ఇత్తడక్క అక్కడే మెట్టు మీద కూర్చుని, వచ్చేపోయే వాళ్లందరూ చూస్తుండగానే వెక్కివెక్కి ఏడ్చింది.