త్రినాథరావు గారి ఏడో బుట్ట

తణుకు పక్క పల్లెటూరి నుంచి విశాఖపట్నం రేవులో గుమాస్తా ఉద్యోగానికి వచ్చిన రోజున త్రినాథరావు గారు తన వెంట ఒక ట్రంకుపెట్టె, ఒక పరుపుచుట్ట, అపారమైన ఆగ్రహం తెచ్చుకున్నారు. మొదటి రెండూ మల్కాపురం అద్దెయింటి చెమ్మకి పాడైపోయాయి. మూడోది మాత్రం అంతటి ఉప్పుగాలికి కూడా తుప్పు పట్టలేదు.

ఆరేసిన తెల్లచొక్కా మీద ఎర్రటి ఖనిజం దుమ్ము పడితే ఆయనకి ఆగ్రహం. రిఫైనరీ వాసన భోజనాల వేళకే వచ్చేదని ఆగ్రహం. బస్సు ఆగాల్సిన చోట ఆగకపోతే సరే, ఆగకూడని చోట ఆగినా ఆగ్రహమే. అయితే ఊరిని తాను తిట్టొచ్చు గాని, బయటివాడెవడూ తిట్టకూడదన్నది ఆయన రాజ్యాంగంలో మొదటి అధికరణం. ఆ అధికరణాన్ని 1979లో కెనడా నుంచి ఎరువుల ఓడలో వచ్చిన నార్మన్ అనే వంటవాడు ఉల్లంఘించాడు.

నార్మన్ ఆ సాయంత్రం రేవుగట్టు మీద ఒక ప్లాస్టిక్ పళ్ళాన్ని గాల్లోకి విసిరి, దూరంగా ఉన్న చెత్తడ్రమ్ములో పడేస్తున్నాడు. త్రినాథరావు గారు ఇదేం పనని అడిగారు. పని కాదు, ఆట అన్నాడతను. తమ దేశంలో దీన్ని తోటల్లో, కొండల్లో ఆడతారట. కర్రకి గొలుసుల బుట్ట వేలాడుతుంది. తక్కువ విసుర్లలో పళ్ళాన్ని అందులో పడేయాలి, తరవాత ఇంకో బుట్టకి నడవాలి. గోల్ఫుకి ఇది డబ్బులేని తమ్ముడన్నమాట. జేబులోంచి ఫోటోలు తీసి, పెళ్ళిసంబంధాలు చూపించినంత మురిపెంగా చూపించాడు. దేవదారు చెట్ల నడుమ ఒక బుట్ట, సరస్సు ఒడ్డున ఒక బుట్ట, మంచుకొండ కింద ఒక బుట్ట. ఆ తరవాత తలెత్తి క్రేన్లనీ, ఎర్ర దుమ్మునీ, పొగనీ చూసి, "మీ ఊళ్ళో ఈ ఆటకి చోటే లేదు, పాపం" అన్నాడు.

ఆ "పాపం" త్రినాథరావు గారికి గుండెలో ముల్లులా దిగింది. పైగా ఓడ కదిలేముందు నార్మన్ ఆ పళ్ళాన్ని ఆయన చేతిలో పెట్టి మరీ వెళ్ళాడు. బిచ్చం కూడానా!

"ఎవరో వంటవాడు ఏదో అంటే మీకెందుకండీ అంత ఉక్రోషం?" అంది ఆయన భార్య కాంతం.

"వంటవాడు కాబట్టే ఉక్రోషం. ఊళ్ళో చోటుందో లేదో వంటింట్లో కూర్చుని తేలుస్తాడా?"

"నేనూ వంటింట్లోనే కూర్చుంటాను. మరి నా మాటో?"

ఆయన చెప్పులేసుకుని చోటు వెతకడానికి వెళ్ళిపోయారు.

జాలరిపేటకి ఉత్తరాన, సముద్రం మీదకి వంగి చూస్తున్నట్టుండే కొండ ఒకటుంది. ఆదివారాలు మల్కాపురం నుంచి రెండు బస్సులు మారి ఆ కొండెక్కి, ఆయన తొమ్మిది బుట్టలు నిలబెట్టారు. సాయానికి రేవులో సరుకులెత్తే వించి నడిపే చలమయ్యని పట్టుకున్నారు. చలమయ్య ఈ ప్రాంతం వాడే. పరిచయమైన మర్నాటి నుంచే త్రినాథరావు గారిని బావా అనేవాడు. త్రినాథరావు గారికి దాని మీద కూడా మొదట ఆగ్రహం వచ్చింది గాని తరవాత అలవాటైపోయింది. ఓడల్లో సరుకు కింద పరిచి పారేసే చెక్కలు కర్రలయ్యాయి. జాలరిపేటలో పాతబడిన చేపల గంపలు బుట్టలయ్యాయి. నార్మన్ పళ్ళెం ఒక్కటే కాబట్టి మామూలు ఆటకి రంగుడబ్బాల మూతలు విసిరేవారు.

ఆ బుట్టల్ని చూడకుండా వాటి గొప్ప చెప్పడం కష్టం. మొదటిది రెండు బండల సందులో ఉంటుంది, పెళ్ళికూతురు తెరచాటున ఉన్నట్టు. మూడోది జీడితోపు అవతల. పూత కాలంలో ఆ వాసనకి మైమరచి ఎవరూ సరిగా విసరలేరు. అయిదో బుట్ట దగ్గర గాలి ఎప్పుడూ అడ్డంగా వీస్తుంది, కాబట్టి అటు వెళ్ళాలంటే ఇటు విసరాలి. ఇది మనుషులతో కూడా పనికొచ్చే సూత్రమని త్రినాథరావు గారి నిశ్చితాభిప్రాయం.

ఏడోది మాత్రం వేరు. కొండ ముక్కు మీద, తెల్లగా సున్నం కొట్టిన నిలువెత్తు కర్రకి వేలాడే గంప అది. ఈవలి గట్టు మీద నిలబడి, నడుమనున్న లోయ మీదుగా విసరాలి. పక్క నుంచి సముద్రం హోరు. కాస్త ఎడమకి పోయిందా, మూత బంగాళాఖాతానికి నైవేద్యం.

"ఇదెక్కడి ఆట బావా? ఇసిరినోడికి ఆట, ఎతికినోడికి యమయాతన!" అనేవాడు చలమయ్య. అంటూనే ప్రతి ఆదివారం అందరికన్నా ముందొచ్చేవాడు.

అయిదేళ్ళు ఇలా గడిచాయి. 1984 శీతాకాలంలో ఒక గురువారం చలమయ్య పరుగున వచ్చాడు. "బావా! నీ వంటోడి ఓడ వచ్చీసినాదేస్! ఆడే ఉన్నాడు, నాను సూసినాను. ఆదివారం కొండకి రమ్మని సెప్పీసినాను."

త్రినాథరావు గారు అయిదేళ్ళుగా కడుపులో దాచుకున్న జవాబు చెప్పే రోజు వచ్చింది. అప్పుడు గుర్తొచ్చింది ఏడో బుట్టలో ఉన్న లోపం. గట్టు మీంచి చూస్తే దాని వెనక ఒక మూల కాస్త బండ కనపడుతుంది. సముద్రం తప్ప ఇంకేమీ కనపడకూడదు! శుక్రవారం సెలవు పెట్టి, చలమయ్యతో కర్ర పీకించి, ముక్కు చివరంటా తీసుకెళ్ళి పాతించారు. దిగివస్తూ వెనక్కి చూసుకున్నారు. కర్ర, గంప, వెనక నీలం. మంచుకొండలూ దేవదారులూ సిగ్గుపడాలి.

ఆదివారం పొద్దున్నే వచ్చి చూస్తే కర్ర పాత గోతిలో ఉంది. గోతి చుట్టూ మట్టి గట్టిగా దట్టించి, రాళ్ళు పేర్చి ఉన్నాయి. పక్కనే నడుం మీద చేతులేసుకుని ఒక జాలరి ఆవిడ నిలబడి ఉంది. ఆమె పేరు అసిరమ్మ. ఆమె మొగుడు సూరన్న చిరిగిన వల భుజానేసుకుని బండ మీద కూర్చున్నాడు.

"ఎవరు పీకారిది?" అని గర్జించారు త్రినాథరావు గారు.

"నువ్వు పీకినావు. మేం పాతినాం" అంది అసిరమ్మ. "మొన్న కదిపినోడివి నువ్వేనా? నీ సెయ్యి ఇరగ!"

"నా కర్ర, నా గంప, నా ఇష్టం! మధ్యలో మీ పెత్తనమేంటమ్మా?"

"గంప నీదే. తీసుకుపో, నెత్తి మీద ఎట్టుకో. కర్ర మాది."

"మీదా! సున్నం కొట్టిందెవరు?"

"సున్నం కొట్టినోడిదే అయితే ఊళ్ళో గోడలన్నీ సున్నాలోళ్ళవేటి?"

ఇలాంటి న్యాయశాస్త్రం త్రినాథరావు గారు ఎక్కడా వినలేదు. సూరన్న నెమ్మదిగా లేచాడు.

"బాబూ, కోప్పడకండి. ఈ ముక్కు మీద మునుపొక తాటిసెట్టుండీది. ఆ సెట్టూ, ఎనకాల కొండ నడుమనున్న పల్లమూ ఒక్క గీతలోకొస్తే, అక్కడ నీటడుగున బండలున్నట్టు. వల దించకూడదు. గీత దాటినాకే దించాల. మా తాతల్నాటి గురుతది. గాలివానకి సెట్టు పడిపోనాది. ఏటి సేతుమా అనుకుంటే, మీరు సరిగ్గా ఆ సెట్టున్న సోటే తెల్లకర్ర పాతినారు. దేవుడే పాతించినాడనుకున్నాం."

"దేవుడు కాదు, నేను!" అన్నారు త్రినాథరావు గారు. ఈ పొరపాటు కూడా ఆయన సహించలేకపోయారు.

"నిన్న గీత దాటినామనుకుని వల దించినాం. బండల మీద పడి ఇలగయిపోనాది." సూరన్న వల విప్పి పరిచాడు. మనిషి దూరేంత చిరుగులు.

"అయితే పాతచోట ఇంకో కర్ర పాతుకోండి. నాది చివరన ఉంటుంది. దానికి ఎర్ర రంగు వేస్తాను."

"సముద్రం మీంచి ఎరుపూ తెలుపూ ఏటి తెలుస్తాది బాబూ? ఆకాసమ్మీద రెండు పుల్లలు. మసక పొద్దులో ఏది మాదో ఏది మీదో ఎవులు సెప్పుతారు? పడవెక్కండి, సూద్దురు గాని."

సముద్రమంటే త్రినాథరావు గారికి కాగితాల మీదే పరిచయం. కాని భయమని ఒప్పుకోవడం కన్నా పడవెక్కడమే సులువనిపించింది. అరగంటలో అలల మీద లేస్తూ పడుతూ, తాగిన కాఫీని బంగాళాఖాతానికి సమర్పించుకుంటూ, ఈ అన్యాయాన్ని పైఅధికారులకి ఎలా విన్నవించాలా అని ఆలోచిస్తున్నారు. సముద్రానికి పైఅధికారి ఎవరో తెలియలేదు.

"సూడండి బాబూ" అన్నాడు సూరన్న.

తలెత్తారు. కొండ మొత్తం ఒక్కసారిగా కనపడింది. జీడితోపులు, ఎర్రమట్టి చరియలు, కింద జాలరిపేట కప్పులు. కొండ ముక్కు మీద అగ్గిపుల్లంత తన కర్ర. పడవ జరిగే కొద్దీ కర్ర కూడా నెమ్మదిగా జరుగుతూ, వెనక పల్లం నడుమకొచ్చి నిలిచింది. చుట్టూ ఉన్న పడవల్లో మనుషులు, ఎవరూ ఏమీ చెప్పకుండానే, అటు చూసి వలల మీద చేతులాపారు. ఇన్నేళ్ళూ తన బుట్టని ఆయన గట్టు మీంచే చూశారు. ఇటు నుంచి ఇంత మంది చూస్తున్నారని ఆయనకెవరూ చెప్పలేదు. దాని మీద కూడా ఆగ్రహం వచ్చింది.

తిరిగొచ్చేసరికి గట్టు మీద చలమయ్యతో పాటు నార్మన్ నిలబడి ఉన్నాడు. జుట్టు నెరిసింది, పొట్ట పెరిగింది. ఆరు బుట్టలూ ఆడి, ఆయాసపడుతూ, అయిదో దాని గాలిని వాళ్ళ భాషలో తిడుతున్నాడు. త్రినాథరావు గారు తడిసిన పంచెతోనే ఎదురుగా నిలబడ్డారు.

"మా ఊళ్ళో ఈ ఆటకి చోటు లేదన్నావు. ఇప్పుడేమంటావు?"

నార్మన్ తెల్లబోయాడు. "నేనా? అలా అన్నానా?"

గుర్తు లేదట! అయిదేళ్ళ ఆదివారాలు, బస్సులు, ఎండలు, ఇప్పుడు ఈ సముద్రం. వీటన్నిటికీ కారణమైన మాట అన్నవాడికే గుర్తు లేదట! త్రినాథరావు గారి జీవితంలో అంతటి అవమానం అంతకుముందు జరగలేదు.

"అయితే ఇప్పుడను!" అన్నారు ఇంకో అడుగు ముందుకేసి. "అను! నేను జవాబు చెప్పాలి!"

నార్మన్ ఏడో బుట్ట వైపు చూశాడు. దాని వెనక ఒక మూల బండ కనపడుతూనే ఉంది. బండ పక్క నుంచి పడవలు ఒకటొకటిగా ఒడ్డుకి తిరుగుతున్నాయి.

"ఇక్కడ నిలబడి ఆ మాట ఎలా అంటానండీ?" అన్నాడు. "నావల్ల కాదు."

చలమయ్య పక్కకి తిరిగి నవ్వాడు. "పోనీలే బావా, ఆ మాట నాను అనీమంటావేటి?"

"నోరు ముయ్యి!"

ఇంతలో ముక్కు మీంచి అసిరమ్మ కేక వేసింది. "ఓ గుమాస్తా బాబూ! ఆడుకుంటే ఆడుకోండి, ఎవులొద్దన్నారు! కర్ర మట్టుకు కదిపినారంటే ఊరుకోం!"

త్రినాథరావు గారు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, లోయంతా మారుమోగేలా, ఉన్న కోపమంతా కూడదీసుకుని అరిచారు.

"కదపను! మీరొచ్చి కాళ్ళా వేళ్ళా పడినా కదపను!"