రంగు పూయని రూపాయి బిళ్లంత చోటు

మొన్న శుక్రవారం పొద్దున నేను గొర్ల దొడ్డిలో ఉండగా మా పెద్దకొడుకు ఫోను చేతిలో పట్టుకుని వచ్చాడు. "మా, వైరింగు మేస్త్రి పోయినాడంట. నమాజుకని లేసి, ముఖం కడుక్కుంటా కూలబడినాడంట" అన్నాడు. నా చేతిలోని గొర్రెపిల్ల పాలకోసం తల ఆడిస్తూనే ఉంది. దాన్ని తల్లి దగ్గర వదిలి, కాళ్లు కడుక్కుని, నేరుగా ట్రాలీ దగ్గరికి పోయి నిలబడ్డాను. ఎందుకు అక్కడికే పోయానో కడదాకా చదివితే మీకే తెలుస్తుంది.

నాకు అక్షరం రాదు. చెప్పేది నేను, రాసేది మా మనవరాలు. మాటను కొంచెం నున్నగా చేసి రాస్తానంది. సరే, మాటను చేసుకో, జరిగినదాన్ని మాత్రం నున్నగా చేయొద్దని చెప్పాను.

మాది చాపాడు పక్క పల్లె. మా పెద్దలు గొర్లు మేపి బతికారు. ఇప్పుడు గొర్లతోపాటు సేద్యమూ ఉంది, ట్రాక్టరు ఉంది, దాని వెనక ట్రాలీ ఉంది. మేస్త్రి అంగడి ప్రొద్దుటూరులో, జమ్మలమడుగు పోయే దారిలో. రేకుల కొట్టు, ముందర వేపచెట్టు, చెట్టుకింద ఎప్పుడు చూసినా రెండు మూడు ట్రాక్టర్లు. ట్రాలీలకు లైట్లు పెట్టడం, చెడిపోతే బాగుచేయడం ఆయన పని. జమ్మలమడుగు నుంచీ, పులివెందుల నుంచీ బండ్లు ఆయనను వెతుక్కుంటూ వచ్చేవి.

మేము మొదటిసారి పోయింది ఒక పిచ్చి జబ్బుతో. బ్రేకు తొక్కితే ట్రాలీకి ఇండికేటరు వెలిగేది. ఇండికేటరు వేస్తే వెనక లైట్లన్నీ గుడ్డి దీపాల్లా మినుకుమినుకుమనేవి. అప్పటికే రెండు చోట్ల చూపించాం. ఇద్దరూ బల్బులు మార్చి పంపారు, జబ్బు అట్లాగే ఉంది. నేను ట్రాక్టరు దిగకుండానే మేస్త్రికి చెప్పాను, "నువ్వు గుడక బల్బు మార్చేటోడివైతే ఇప్పుడే చెప్పప్పా, తిప్పుకోని పోతాం" అని.

ఆయన కోపం తెచ్చుకోలేదు. ఎప్పటినుంచి, ఎండలోనా వానలోనా, బరువు ఎత్తినప్పుడా ఖాళీగా ఉన్నప్పుడా అని నాటువైద్యుడు అడిగినట్టు అడిగాడు. తర్వాత ట్రాక్టరుకూ ట్రాలీకీ నడుమ ఉన్న ప్లగ్గు ఊడబీకాడు. చొక్కా జేబులోంచి చేతిగుడ్డ తీశాడు. అందులో చుట్టిపెట్టిన చిన్న బల్బు, దానికి రెండు వైర్లు. ఆ వైర్లు పట్టుకుని ట్రాక్టరు వెనక సాకెట్టులో ఒక్కో బొక్కనూ తాకించాడు. మా పెద్దోడు పైన కూర్చుని ఒక్కొక్క లైటూ వేస్తుంటే, తాకించినచోటల్లా బల్బు ధగధగా వెలిగింది.

"ట్రాక్టరు మంచిదే అక్కా. జబ్బు ట్రాలీది" అన్నాడు.

ముందు ఏది మంచిదో తేల్చుకుంటే చెడ్డది తనంతట తానే దొరుకుతుందని అనేవాడు. నేను ఆ మాటను కోడళ్ల పంచాయితీల్లో కూడా వాడాను, పనిచేసింది.

మరి బ్రేకు తొక్కితే ఇండికేటరు ఎందుకు వెలుగుతుందని అడిగాను. కరెంటు పోయే దారిని అందరూ చూస్తారు, తిరిగొచ్చే దారిని ఎవరూ చూడరు, ఆ తిరుగుదారినే ఎర్తు అంటారని చెప్పాడు. "దాని దారి దానికి లేకపోతే పక్కింట్లో దూరి పోతాది అక్కా. నీ బ్రేకు కరెంటు ఇండికేటరు ఇంట్లో దూరుతాండాది" అన్నాడు. నాకు ఒక్కసారికే అర్థమైంది. పొలానికి బాట లేనివాడు పక్కవాడి గెనెం గట్టు తొక్కకుండా ఎట్లా పోతాడు?

ట్రాలీ కింద దూరి ఇనుప పట్టీ మీద రూపాయి బిళ్లంత మేర రంగు గీకేశాడు. తెల్లటి ఇనుము బయటపడిందాకా గీకాడు. అక్కడ ఎర్తుకు తెల్ల వైరు పెట్టి, బోల్టు బిగించి, పైన గ్రీజు రాశాడు. తర్వాత నన్ను ట్రాలీ వెనక నిలబడి ఏది వెలుగుతుందో చెప్పమన్నాడు. నాకేం తెలుసప్పా, చదువు లేనిదాన్ని అన్నాను. "కండ్లకు చదువెందుకు అక్కా?" అన్నాడు. ఎడమ, కుడి, బ్రేకు అని ఊరంతా వినబడేట్టు అరిచాను. ఆనాటినుంచి మా ట్రాలీ ఇల్లు దాటిన ప్రతిసారీ వెనక నిలబడి అరిచేది నేనే.

ఆయన అలవాట్లు రెండు మూడు చెప్పాలి. వైర్లను మెలిపెట్టి టేపు చుట్టడం ఆయనకు గిట్టదు. టేపు చుట్టిన వైరు గుడ్డ కట్టిన పుండులాంటిది, లోపల ఏముందో చుట్టినవాడికీ తెలియదు అనేవాడు. టీ వస్తే చేతులు కడుక్కున్నాకే గ్లాసు ముట్టేవాడు, టీ చల్లారినా సరే. బ్రహ్మంగారిమఠానికి జనాన్ని ఎక్కించుకుని పోయే ట్రాలీ ఏదైనా ఆ దారిన వస్తే, పిలవకపోయినా లేచి వెనక లైట్లు చూసేవాడు. గొర్లెక్కే బండిని ఒకసారి, మనుషులెక్కే బండిని మూడుసార్లు చూడాలనేవాడు.

ఇక నేను చెప్పాల్సినదానికి వస్తాను.

మూడేండ్ల కిందట దసరాకు ముందు ట్రాలీ వైరింగంతా ఆయన చేతనే కొత్తగా వేయించాం. ఆయుధపూజకని ట్రాలీకి నీలం రంగు పూయించాను. అంతా పూసినాక కిందికి వంగి చూస్తే, ఆ గీకిన చోటు ఒక్కటీ బొల్లి మచ్చలాగా కనబడింది. పండగపూట అమ్మవారి ముందర నిలబెట్టే బండికి మచ్చ ఏంది అనుకున్నాను. రంగు పూసేవాడితో బోల్టు ఊడదీయించి, ఆ చోటు కూడా పూయించాను. నా చేత్తో నేనే పసుపు పట్టించి, బొట్టు పెట్టి, దానిమీదనే బోల్టు బిగించమన్నాను. మా పెద్దోడికి ఈ సంగతి తెలియదు. దొడ్లో లైట్లు వేసి చూస్తే అన్నీ వెలిగాయి. ట్రాలీ ట్రాక్టరు కొక్కేనికి ఆనుకుని ఉంటే ఇనుముకు ఇనుము తగిలి వెలుగుతాయనీ, గుంతల్లో ఎగిరితే ఆరిపోతాయనీ నాకు అప్పుడు తెలియదు.

పండగ అయిన మూడోనాడు మా పెద్దోడు జమ్మలమడుగు నుంచి గొర్ల మేతకు శెనక్కట్టె వేసుకుని వస్తున్నాడు. పొద్దు గూకే వేళ. దారిలో వెనక లైట్లు ఆరిపోయాయి. ముందర కూర్చున్నవాడికి ఎట్లా తెలుస్తుంది? చీనీ తోటల్లో పనిచేసే పులివెందులాయన ఒకడు మోటారుబండి మీద వస్తూ ట్రాలీని గుద్దుకున్నాడు. కాలు విరిగింది.

మరునాడు మేస్త్రి అంగడి ముందర జనం. దెబ్బతిన్నాయన తమ్ముళ్లు ఇద్దరు వచ్చారు. వాళ్లు నోరు తెరవకముందే నేను తెరిచాను. "నెల కాలేదు నువ్వు చేసి. మనిషి కాలిరిగె. నీ చేతిపనికి ఏం జవాబు చెప్తావప్పా?" అని నలుగురిలో అడిగాను. నా గొంతు ఎట్లాంటిదో మా పక్క పల్లెలవాళ్లకు తెలుసు.

ఆయన ట్రాలీ కిందికి దూరి బోల్టు విప్పాడు. తప్పు చూపించి కడిగేద్దామని నేనూ వంగాను. బోల్టు కింద కొత్త నీలం రంగు, దానిమీద ఎండిన పసుపు. రంగు అడ్డమై ఎర్తు తెగిందని చూసిన క్షణమే నాకు తెలిసిపోయింది. ఆయన నా ముఖం చూశాడు. బల్బు చుట్టే చేతిగుడ్డ తీసి, ఆ పసుపు తుడిచి, గుడ్డను మడిచి జేబులో పెట్టుకున్నాడు. బయటికొచ్చి, "ఎర్తు పట్టలేదు. చూసుకోవల్సింది నేను. నాదే తప్పు" అన్నాడు.

ఆ తమ్ముళ్లు ఎన్ని మాటలన్నారో నేను మళ్లీ చెప్పను. ఆయన తల వంచుకుని నిలబడ్డాడు. ఎవరికీ తగ్గని నా నోరు, తెరవాల్సిన ఒక్కరోజు మూసుకుపోయింది.

మాట ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మూడు ఊర్లూ తిరిగింది. మేస్త్రికి చెయ్యి తప్పిందన్నారు, కండ్లు మసకబారాయన్నారు. పులివెందుల బండ్లు రావడం మానేశాయి. వేపచెట్టు కింద నీడ ఖాళీగా ఉండేది.

ఆ చలికాలంలో ఒకనాడు నేను ఒక్కదాన్నే బస్సెక్కి పోయాను. ఎందుకు దాచావని అడిగాను. ఆయన బల్బు పక్కన పెట్టి, చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు.

"పూజ వల్ల, పసుపు వల్ల అని సాయిబు నోట్లోంచి వస్తే, అది వైరు మాటగా ఉంటాదా అక్కా? ఆడున్నోళ్లు తలా ఒక తీరుగా మోసుకపోతారు."

"అయితే నేనే చెప్తా."

"నువ్వు చెప్తే నిలబడ్తాది. నేను చెప్తే తప్పించుకున్నట్టుంటాది. ఎప్పుడు చెప్తావో నీ ఇష్టం. నువ్వు చేసింది పూజే, పాపం కాదు. ఆ సోటు మాత్రం ఇడిసిపెట్టు, అంతే."

చెప్తానని వచ్చాను. దెబ్బతిన్నాయన కాలు కట్టు విప్పనీ అనుకున్నాను. విప్పారు, నడిచాడు, ఇప్పుడు మోటారుబండే నడుపుతున్నాడు. గొర్లు ఈననీ అనుకున్నాను. ఈనాయి. మళ్లీ ఈనాయి. మేస్త్రి ఒక్కసారి కూడా నాకు గుర్తుచేయలేదు. పోయినప్పుడల్లా నాకూ ఒక టీ చెప్పేవాడు.

చనిపోయిన మూడోనాడు వాళ్లింటికి పోయాను. వాకిట్లో ఇరవై మంది ఉంటారు. జమ్మలమడుగు నుంచి వచ్చిన ట్రాక్టరాయన ఒకడు, మనిషి బంగారమే గానీ ఆ ఒక్క ట్రాలీ దగ్గరే చెయ్యి తప్పిందని పక్కవాడితో అంటున్నాడు. అదే సమయానికి మేస్త్రి భార్య ఆయన అంగడి సామాను మాకు చూపించడానికి తెచ్చింది. అందులో చేతిగుడ్డలో చుట్టిన ఆ బల్బు ఉంది. గుడ్డకు ఒక పక్క పసుపు మరక.

"ఎన్నిసార్లు ఉతికినా ఇది పోలేదక్కా. యాడ అంటించుకున్నాడో చెప్పలేదు" అంది.

నేను లేచి నిలబడ్డాను. "చెయ్యి తప్పింది ఆయప్పది కాదు, నాది. ఆ పసుపు నాది" అన్నాను. బోల్టు ఊడదీయించిన దగ్గరనుంచి ఆయన తల వంచిన దాకా ఒక్కటి కూడా వదలకుండా చెప్పాను. జమ్మలమడుగాయన కండువా సర్దుకుంటూ నేల చూశాడు. మేస్త్రి భార్య ఏడవలేదు, నన్ను తిట్టలేదు. "నాతో గుడక చెప్పలేదే" అని ఒక్క మాట అని, బల్బును మళ్లీ ఆ గుడ్డలోనే చుట్టింది.

ఆ వాకిట్లో విన్నది ఇరవై మంది. ఆయన మీద మాట పోయింది మూడు ఊర్లకు. అందుకే ఇది రాయిస్తున్నాను. ప్రొద్దుటూరులో గానీ, జమ్మలమడుగులో గానీ, పులివెందులలో గానీ ఆయన చేసిన ట్రాలీ మీకుంటే, కిందికి వంగి ఒకసారి చూసుకోండి. ఆయన పని ఆయన చేసిపోయాడు. చెరిపింది నేను. నన్ను ఎవరైనా అడగదలుచుకుంటే చాపాడు పక్కనే మా పల్లెకు వచ్చి అడగండి, ఇంట్లోనే ఉంటాను.

దసరా దగ్గరికొచ్చింది. నిన్న ట్రాలీకి రంగు పూయించాను. ఆ చోటు చుట్టూ కుంచెను నేనే దగ్గరుండి తిప్పించాను. నీలం నడుమ రూపాయి బిళ్లంత ఇనుము తెల్లగా మిగిలింది. తెల్ల వైరు పెట్టించి, బోల్టు బిగించాక గ్రీజు నేనే రాశాను. పండగనాడు పసుపు టైరుకు పెడతాను, కొక్కేనికి పెడతాను. ఆ చోటికి మాత్రం పెట్టను.

సాయంత్రం రంగు ఆరినాక మా పెద్దోడు బండి తీశాడు. వెనక నిలబడి ఎడమ, కుడి, బ్రేకు అని అరిచాను. బండి గుంతల్లో ఎగురుకుంటూ పోతుంటే రోడ్డు మీదికొచ్చి చూస్తూ నిలబడ్డాను. కాలవ మలుపు దగ్గర వాడు బ్రేకు తొక్కాడు. ఎర్రగా, రెండూ ఒక్కసారే వెలిగాయి.