పైమెట్టు దగ్గర

“అందరిళ్లలోనూ వేలాడి చూపిస్తావు. మా ఇంటికొచ్చేసరికి నడుం పట్టేసిందా బాబాయ్?” అని ఓనరమ్మ నిలదీస్తోంది. “పట్టేసిందమ్మా, వయసు మీద పడట్లా?” అని వెల్డింగ్ బాబాయి గొణిగాడు. అది అబద్ధం. పొద్దుటినుంచీ ఇనుప గొట్టాలు మేడ మీదికి మోసింది ఆ నడుమే. తుప్పు పట్టిన పాత రెయిలింగ్ ముక్కలై గేటు పక్కన పడి ఉంది. కొత్తది మెట్ల వెంట నిలబడింది. పనయ్యాక పైమెట్టు దగ్గర రెయిలింగ్ మీద పొట్ట ఆనించి, రెండు కాళ్లూ గాల్లోకి లేపి, “నన్నే మోసింది, మీ పిల్లల్ని మోయదా?” అని నవ్వడం ఆయన అలవాటు. అది చూశాకే జనం నమ్ముతారు. ఈరోజు మాత్రం ఆ కాళ్లు నేల వదల్లేదు. “వేలాడకపోతే వేరేవాణ్ణి పిలిచి మళ్లీ చేయించుకుంటా,” అంటూ ఓనరమ్మ విసురుగా లోపలికి వెళ్లింది.

ఆయన మెట్టు మీద కూలబడి, కాలిన మచ్చలున్న బొటనవేలితో ఒక్కో అతుకూ తడుముకుంటూ వచ్చాడు. ఒకచోట ఆగి, ముక్కు ఇనుముకి తగిలేంత దగ్గరగా వంగి చూశాడు. ఎర్రబడ్డ కళ్లలోంచి నీళ్లు కారుతుంటే తలగుడ్డతో ఒత్తుకుని, మళ్లీ అక్కడే చూశాడు. నా అద్దెగదికి ఆ మెట్లే దారి. మెట్లెక్కుతున్న నా చెప్పుల చప్పుడుకి తలెత్తాడు కానీ, నేనెవరో పోల్చుకోవడానికి కాస్త సమయం పట్టింది. గుమ్మం వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించాడు.

“అబ్బాయ్, ఆవిడ వచ్చేలోగా ఈ అతుకు కాస్త చూసి చెప్పవా? నిండిందా, సందుందా? నాకు కనపడట్లేదు.”