వేలు చూపించే జబ్బు

నేను జపాన్ చూడలేదు. ఇది ముందే చెప్పేయడం మంచిది, ఎందుకంటే కోడేరు పక్కనున్న మా ఊళ్లో నన్ను జపానోడనే పిలుస్తారు. నేను మూడేళ్లు పనిచేసింది దుబాయ్‌లో, ఒక వంతెన పనిలో. కంపెనీ జపాన్‌వాళ్లది. కూలీలం మాత్రం పాలమూరువాళ్లం. ప్రపంచంలో ఎక్కడ మట్టి తవ్వాలన్నా ముందు మేమే గుర్తొస్తాం.

అక్కడ పొద్దున్నే పాట పెట్టి అందరిచేతా చేతులూ కాళ్లూ ఊపించేవారు. రోజంతా గడ్డపార పట్టేవాడికి మళ్లీ కసరత్తేమిటని తెగ నవ్వాను. ఆ తర్వాత వేలు. నిచ్చెన ఎక్కే ముందు దాని కాళ్లను వేలితో చూపించి గట్టిగా ‘యోషి’ అనాలి. సరిగ్గా ఉంది అని అర్థం. నడుముకు కట్టిన తాడుకు యోషి, కరెంటు ఆపిన మీటకు యోషి. చూస్తే చాలదు, చూపించాలి. అనుకుంటే చాలదు, పైకి అనాలి. కన్ను అలవాటుపడితే లేనిది కూడా ఉన్నట్టు చెప్తుందట.

ఒకరోజు పరంజా మీది పలక జారి నా పాదం మీద పడింది. మూడు కుట్లు. సాయంత్రం మా ఫోర్‌మన్, అరవై దాటిన జపాన్ పెద్దాయన, పన్నెండు మంచాలున్న మా గదికి వచ్చాడు. గుమ్మం దగ్గర బూట్లు విప్పాడు. మా నేలకన్నా ఆ బూట్లే శుభ్రంగా ఉన్నాయి, అయినా విప్పాడు. నా మంచం ముందు నిలబడి నడుము దాకా వంగాడు. ఎంతకీ లేవడు. ఏదో పడిపోయిందేమోనని నేనూ మంచం కింద చూశాను.

“ఆ పలక నేను చూసుకోవాల్సింది. తప్పు నాది,” అన్నాడు, వచ్చీరాని హిందీలో.

నాకు మా ఊరు గుర్తొచ్చింది. నేను దుబాయ్ వెళ్లడానికి ముందటేడు, మా పొలాల దగ్గరి ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కి కాలిపోయిన ఫీజు తీగ వేస్తూ పక్క చేనాయన చచ్చిపోయాడు. ఊరంతా ఒకటే మాట: వాని రాత. ఆ స్తంభం వైపు తలెత్తి చూసినవాడు లేడు. నా మూడు కుట్లకు ఒక మనిషి నడుము వంచాడు. నాకు ఆ దేశం మీద ప్రేమ పుట్టిందీ, మా ఊరి మీద ఒళ్లు మండిందీ ఒకే నిమిషంలో.

దుబాయ్‌లో పనులు చల్లబడి జనాన్ని విమానాలెక్కించి వెనక్కి తోలుతున్న ఏడు నేనూ వచ్చేశాను. జపాన్ నాతోపాటే దిగింది. చెప్పులు జతగా, ముక్కులు వాకిలి వైపు ఉండేలా విడిచేవాణ్ని. బోరు స్టార్టర్‌కు వేలు చూపించి యోషి అనేవాణ్ని.

“మోటర్‌కు మొక్కుతున్నవా, బెదిరిస్తున్నవారా?” అనేది అమ్మ.

ఆ యాసంగిలో ఒక పొద్దున ఫీజు పోయింది. పల్లిచేను ఊడలు దిగే అదను, రెండు రోజులు నీళ్లు ఆగితే కాయ పట్టదు. పది బోర్లు ఆ ఒక్క ట్రాన్స్‌ఫార్మర్ మీదే. చుట్టూ ఉన్న ఊళ్లన్నిటికీ లైన్‌మన్ ఒక్కడే, ఎప్పుడొస్తాడో తెలియదు. కాబట్టి ఎక్కేది మా చిన్నాయిన, నాన్న తమ్ముడు. పక్క చేనాయన ఎక్కిన ఆ ఒక్కరోజు తప్ప, ఇరవై ఏళ్లుగా ఆయనే ఎక్కుతాడు. అదే ఆయనకు ఊళ్లో గొప్ప.

కింద హ్యాండిల్ లాగాడు. లాగితే పైన మూడు తీగల దగ్గర మూడు బ్లేడ్లు విడిపోవాలి, అప్పుడే కరెంటు ఆగినట్టు. లుంగీ ఎగగట్టి కాలు పెట్టబోతుంటే నేను వేలెత్తాను.

“ఒకటి, యోషి. రెండు, యోషి.”

“ఎవనికి చూపెడ్తున్నవ్‌రా ఏలు? కాకికా?” అన్నాడొకాయన. అందరూ నవ్వారు.

“మూడోది విడలే చిన్నాయినా. జూడు.”

ఆయన తలెత్తి కూడా చూడలేదు. “గది ఎప్పటికి గట్లనే ఉంటది. నాకు తెల్వదా? నేను ఆ దిక్కు పోను.”

తెలుసు! ఆయనకే కాదు, అక్కడున్న అందరికీ తెలుసు. పక్క చేనాయన ఆ దిక్కు పోయాడు, అంతే. మూడు రోజులు ఏడ్చి, రాత అని చెప్పుకొని, ఆ బ్లేడును అలాగే ఉంచి, దాని కింద నుంచే నీళ్లు పారించుకున్నారు.

“ఈసారి కాలిన ఫీజు ఆ దిక్కుదే గద!” అన్నాను.

“కట్టెతోని తడ్తె ఊడ్తది తీయ్. ఏం గాదు.”

ఏం గాదు. మా ఊరి సరిహద్దు రాయి మీద చెక్కించాల్సిన మాట. నేను స్తంభాన్ని రెండు చేతులా వాటేసుకొని కూర్చున్నాను. చూడటానికి అలిగిన కొత్త అల్లుడిలా ఉండి ఉంటాను. కానీ జోకులు అయిపోయాయి.

“ఎక్కాల్నంటే నా నెత్తి మీద కాలువెట్టి ఎక్కు! నువ్వు సస్తె గూడ రాతనే అంటరు వీళ్లు. చిన్నమ్మకు నేనేం జెప్పాలె? ఆ దిక్కు పోయిండనా?”

“నోరు జర దగ్గర వెట్టుకో. సేను ఎండుతుంటే నీ జపాన్ ముచ్చట్లేంది?” అని చిన్నాయిన నా భుజం పట్టి లాగాడు. నేను కదల్లేదు. కొట్టాడు కూడా. దుబాయ్‌లో తిన్న ఎండ ముందు ఆ దెబ్బ ఏపాటిది.

నేను కదలనని తేలాక, లైన్‌మన్‌ను పిలవడానికి ఒకాయన్ను కోడేరు పంపించారు. లైన్‌మన్ మరునాటి మధ్యాహ్నం వచ్చాడు. అందాకా నేను అక్కడే. మధ్యలో చిన్నమ్మ వచ్చి, పంట పాడు చేస్తున్నానని పదిమందీ వినేలా తిట్టి, పోతూపోతూ సద్ది గిన్నె నా పక్కన పెట్టింది. మూత తీస్తే అన్నం మీద రెండు గుడ్లు. మా ఇంట్లో చిన్నాయినకు కూడా ఒక్కటే వేస్తుంది.

లైన్‌మన్ ఫోన్ చేసి లైనంతా ఆపించాడు, ఎక్కి ఆ బ్లేడు బాగుచేశాడు. అరగంట పట్టింది. అరగంట! దాని కోసం ఒక మనిషి పోయాడు, అన్నేళ్లు ఎవరూ అడగలేదు. ఈ లెక్క నాకు ఇప్పటికీ అర్థం కాదు, అర్థమైనవాళ్లెవరైనా ఉంటే నా కంటబడకపోవడమే మేలు.

చేను సగం దెబ్బతిన్నది. చిన్నాయిన నాతో మాట్లాడడు. హోటల్‌లో చాయ్ తాగుతూ, నేను పక్క బల్ల మీద ఉండగానే, వచ్చినవాడికల్లా చెప్తాడు: “ఇరవై ఏండ్లు ఏం గాలే. ఈని జపాన్ పాడుగాను, పంట బాయె.” చెప్పేటప్పుడు రెండు చేతులూ తెగ ఊపుతాడు. ఆ చేతులనే చూస్తూ నా చాయ్ తాగుతాను. కోపం తగ్గదు. ఆయనదీ తగ్గొద్దనే కోరుకుంటాను, ఇంకో ముప్పై ఏళ్లు.