ఆరకముందే చూసిన రంగు

కొలిమి పనివాళ్ళు పెట్టుకునే కళ్ళద్దాలకు మంట వెలుగుని ఆపే రంగుపూత వేసే షెడ్డులో ఆమెను అందరూ 'ఆరనీ అక్క' అనేవారు. ఎవరు తొందరపెట్టినా ఆమె నోట వచ్చేది ఆ ఒక్క మాటే. సీసాలో రంగు ఎంత బాగున్నా నమ్మేది కాదు. ఒక చుక్క గాజుపలక మీద పూసి, అది ఆరేదాకా గుడ్లప్పగించి కూర్చుని, ఆరాక దీపం ముందు పెట్టి చూసేది. టీ చల్లారేది, యజమాని వేడెక్కేవాడు, ఆవిడ మాత్రం కదిలేది కాదు.

"సీసాలో రంగు రేణువులు దేనికది దూరంగా తేలుతుంటాయి. ఆరాక ఇరుక్కుని ఒకదాన్నొకటి అంటుకుంటాయి. గుంపులో పడ్డ మనిషికి బుద్ధి మారినట్టే వాటికీ మారుతుంది. సీసాలో ఆపిన వెలుగుని పూతలో వదిలేస్తాయి" అని కొత్తగా చేరినవాళ్ళకి చెప్పేది.

ఆమె తమ్ముడు గాజు కరిగించే కొలిమిలో పనిచేసేవాడు. అమ్మానాన్న పోయాక ఆమె చేతుల్లోనే పెరిగాడు. అక్క చూసి పంపిన అద్దాలు తప్ప వేరేవి ముట్టేవాడు కాదు.

ఆ వానాకాలం కొత్త రంగు వచ్చింది. చెమ్మకి గాజుపలక మీది చుక్క ఎంతకీ ఆరలేదు. "పాతవి గీతలుపడి ఏమీ కనబడట్లేదక్కా, కొత్తవి తొందరగా పంపవా" అని తమ్ముడు ప్రాణం తోడేస్తున్నాడు. యజమాని అరుపులకి ఏనాడూ లొంగని మనిషి తమ్ముడి మాటకి లొంగింది. సీసాని దీపానికి ఎదురుగా పెట్టి చూసి, సరే అనేసింది. ఆమె సరే అన్నాక మళ్ళీ చూసేవాళ్ళెవరు? రెండు రోజులకి పూత ఆరగానే తొలి జత వాడికే వెళ్ళింది.

ముసురు విడిచాక, కిటికీలో మరిచిపోయిన గాజుపలక కనబడింది. తీసి దీపం ముందు పెట్టింది. ఆగాల్సిన వెలుగు సూటిగా వచ్చి కళ్ళలో గుచ్చుకుంది. మిగతా పెట్టెలు ఆపించి కొలిమికి పరుగెత్తింది. తమ్ముడు బయట గోడకి ఆనుకుని కూర్చున్నాడు.

"ఆ అద్దాలు పెట్టుకోకురా. నేను ఆరబెట్టి చూడలేదు."

"నిన్ననే తీసేశానక్కా. కళ్ళు మండుతుంటే, కొత్తవి కదా, అలవాటవుతాయిలే అనుకున్నా. నువ్వు చూసినవే కదా."

ఆమె వాడి గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంది. వాడు మళ్ళీ తల పక్కకి తిప్పుకున్నాడు.

"తిన్నగా చూస్తే నువ్వు కనబడట్లేదక్కా. తలుపు, గోడ అన్నీ తెలుస్తున్నాయి. నీ ముఖం ఉన్నచోటే నల్లగా ఉంది."

ఆ మచ్చ ఇక పోదన్నాడు కళ్ళ డాక్టరు. ఇప్పటికీ అక్కని చూడాలంటే వాడు ఆమె పక్కనున్న గోడని చూస్తాడు.