మొగ్గ ఒలిచిన బొటనవేలు

“ఆధార్ చూపియ్యమ్మా అంటే పాస్‌పోర్టు చూపిస్తవేంది? ఈ బస్సు వనపర్తి దాకనే పోతది. లండన్ పోవాల్నంటే పెబ్బేరుల దిగి మారాలె.”

కండక్టర్ మాటకు బస్సంతా నవ్వింది. ఎర్రవల్లి చౌరస్తా దాటి బీచుపల్లి వంతెన వైపు పోతున్నాం. దసరా సెలవుల ఆఖరి రోజు. ఊపిరి తీసుకోవడానికి కూడా పక్కవాళ్లను అడగాల్సినంత రద్దీ. నాకు సీటు దొరికిందంటే ఆ అమ్మాయి చలవే. “కూసో తాతా” అని తన సంచి ఒళ్లో పెట్టుకొని జరిగింది. పదిహేడేళ్లుంటాయి. గురుకులం పిల్లలు వేసుకునే నీలం చుడీదార్. పాస్‌పోర్టును ప్లాస్టిక్ ఫోల్డర్లో దోపేసి, ఆధార్ తీసి చూపించి, ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ తీసుకుంది. నవ్వలేదు, సిగ్గుపడలేదు. ముందు సీటు ఆడమనిషి ఊరుకోకుండా వెనక్కి తిరిగి, “మా కోడలు పట్నం పోనీకే పది దినాలు అలుగుతది, నువ్వు ఇమానం ఎక్కినవా పిల్లా?” అంది.

“ఎక్కిన.”

“ఏ దేశం బిడ్డా?” అన్నాను నేను.

“జర్మనీ.” తిట్టు తిట్టినట్టు అంది ఆ మాటను. “రెండు వారాలు. పోకపోతేనే మంచిగుండు.”

విమానం ఎక్కి వచ్చినవాళ్లను చాలామందిని చూశాను. అందరూ మంచు గురించో, రైళ్ల గురించో, అక్కడి శుభ్రం గురించో గంటలు గంటలు చెప్పేవాళ్లే. పోకపోతే బాగుండేదన్న మనిషిని చూడడం అదే మొదలు. ఇంకేమైనా అడుగుదామనుకునేలోగా కృష్ణ దాటాం. పెబ్బేరు ఇంకా రెండు మూడు కిలోమీటర్లుందనగా వెనక టైరు పెద్ద చప్పుడుతో పేలింది. అందరం దిగాం. స్పేర్ టైరులో కూడా గాలి లేదని డ్రైవర్ తీరిగ్గా కనిపెట్టాడు. డిపోకు ఫోన్ చేసి మరో బస్సు వస్తుందన్నాడు.

రోడ్డు పక్క చాయ్ బండి దగ్గర బల్ల మీద కూర్చున్నాను. ఊళ్లు పట్టుకొని తిరిగేవాణ్ని, నా సంచిలో ఎప్పుడూ రెండు పుస్తకాలుంటాయి, చొక్కా జేబులో పెన్నుంటుంది. అమ్మాయి వచ్చి ఎదురుగా నిలబడింది.

“తాతా, పెన్ను ఇస్తవా జర?”

ఇచ్చాను. బల్ల చివర కూర్చుని ఫోల్డర్లోంచి ఒక కాగితం తీసింది. పెన్ను మూత తీసింది. రాయలేదు. మళ్లీ మూత పెట్టింది. మళ్లీ తీసింది. చాయ్ చల్లారిపోయింది. ఐదారుసార్లు అట్లా అయ్యాక, “ఏంది బిడ్డా అది?” అన్నాను.

“నేను అబద్ధం చెప్పిన్నని నేనే రాసిచ్చే కాయితం,” అంది.

పేరు రేఖ. అయిజ పక్క పల్లె. తండ్రి తిమ్మప్ప పుణెలో బిల్డింగుల పనికి పోయి ఆర్నెల్లకోసారి వస్తాడు. తల్లి సత్యమ్మ, రేఖ మాటలో ‘అవ్వ’, సీడు పత్తి చేలల్లో కూలి. రేఖ ఆరో తరగతి నుంచి వనపర్తి దగ్గర గురుకులంలో చదువుతోంది, ఇప్పుడు ఇంటర్ రెండో ఏడు. ఎన్నో బడుల పిల్లలు రాసిన వ్యాసాల్లోంచి నలుగురిని ఏరి, టికెట్లు కొని, ఒక సంస్థ జూన్‌లో వాళ్లను జర్మనీ పంపింది. మన పిల్లలు అక్కడి ఇళ్లలో ఉండి అక్కడి బడికి పోవాలి. జనవరిలో ఆ పిల్లలు ఇక్కడికి రావాలి. ఏర్పాటు అది.

సీడు పత్తి అంటే తెలియని వాళ్లకు ఒక మాట చెప్పాలి. ఎన్నో రాష్ట్రాల రైతులు విత్తే పత్తి గింజ గద్వాల వైపు చేలల్లో తయారవుతుంది. రెండు రకాల పత్తిని కలిపే పని అది. గాలీ చేయదు, తేనెటీగా చేయదు. రేపు విచ్చుకోబోయే మొగ్గను ఈ సాయంత్రమే పట్టుకొని, బొటనవేలి గోటితో చుట్టూ గీరి, పుప్పొడి ఉన్న పొరనంతా టోపీ తీసినట్టు ఒక్క మెలికతో లాగెయ్యాలి. లోపలి సన్నటి కాడకు గోరు తగలకూడదు. ఆనవాలుగా దారం కట్టి, పొద్దున వచ్చి మగపువ్వును దానికి రుద్దాలి. ఇట్లా ఎకరంలో రోజుకు వేల మొగ్గలు. చేను నడుముదాకా ఉంటుంది కాబట్టి పిల్లల ఎత్తు వాళ్లయితే వంగే పని ఉండదట, చిన్న వేళ్లయితే మొగ్గ చెడదట. ఈ లెక్క ఎవరు వేశారోగానీ, ఆ వేసినవాడు మాత్రం ఎవరికీ ఏ కాయితమూ రాసివ్వలేదు.

“పదేండ్లప్పటి సంది చేస్తున్న తాతా. దసరా సెలవులల్ల. గురుకులం పోకముందు ఆదివారాలు గూడ. మా అవ్వనే నేర్పింది. మొదటి దినం నూరు మొగ్గలు చెడగొట్టిన, మేస్త్రీ కిష్టమ్మ నా చెవి మెలిపెట్టింది. ఇప్పుడు మా అవ్వకంటే నాదే జోరు.” కుడి బొటనవేలు చూపించింది. గోరు పొడుగ్గా, అంచు పసుపుపచ్చగా ఉంది. నిన్న సాయంత్రం దాకా చేలోనే ఉందన్నమాట.

విమానం ఎక్కే ముందు, వెంట వెళ్లే ఇంగ్లిష్ టీచర్ ఉమ మేడం అందరి గోళ్లూ కత్తిరించుకోమంది. అక్కడి బడిలో చూపించాల్సిన బొమ్మలు కంప్యూటర్లో తయారుచేసిచ్చింది. గద్వాల కోట, గద్వాల చీర, శ్రీరంగాపూర్ గుడి, ఆఖర్న విరగపూసిన పత్తిచేను. దేనిలోనూ మనిషి లేడు. చీర ఉంది, నేసినవాడు లేడు. చేను ఉంది, కూలిమనిషి లేదు. ఇది ఒక్క ఉమ మేడం తప్పేమీ కాదు. నేను దేశంలో ఎన్నో డ్యాములు చూశాను. ఏ ముసలి వాచ్‌మన్‌ను కదిలించినా, రాళ్లెత్తింది మన పాలమూరు కూలీలేనని చెప్పేవాడు. శిలాఫలకం మీద మాత్రం రిబ్బను కత్తిరించినవాళ్ల పేర్లుండేవి. మన ప్రాంతం గొప్పలు చెప్పమంటే మన ప్రాంతపు చేతుల్ని దాచిపెట్టాలని మనకు ఎవరు నేర్పారోగానీ, బాగా నేర్చుకున్నాం.

“పత్తిచేను బొమ్మ రాంగనే,” రేఖ చెప్పసాగింది, “మా ఫ్రీడా లేసి, గీ పని ఎవరు చేస్తరు అని అడిగింది. నేను ఉన్నది ఆమె ఇంట్లనే. మేడం నా దిక్కు చూసి, రైతులు అని చెప్పు అన్నట్టు సైగ చేసింది. నేను, మా అవ్వ చేస్తది, నేను చేస్త అన్న. ఎట్ల అన్నరు. నోటితోని చెప్తే సమజ్ కాలే వాళ్లకు. బడి గోడ పక్క ఒక పూలచెట్టుండె. నా కంటే ఎత్తు. పువ్వు అచ్చం మన పత్తిపువ్వు లెక్క, బెండపువ్వు లెక్క. రోజు చూస్తుంటి. అందర్ని ఆడికి తోల్కపోయిన.”

హాలీహాక్ అయి ఉంటుంది. పుస్తకాల్లో బొమ్మ చూశాను, పత్తికి దగ్గరి చుట్టం. ఏ వైపు నుంచి ఏ దేశం పోయినా తన చేలో పువ్వును పోల్చుకునే పిల్లను ఏ సంస్థ ఏ వ్యాసం చదివి ఎన్నుకోగలదు?

“గోరు కత్తిరించుకోలేదా మరి?”

“తొమ్మిది కత్తిరించిన. ఇది మాత్రం...” మొదటిసారి నవ్వింది. “ఒక్క మొగ్గ వలిచిన. అందరు నోరు తెరిచిండ్రు. మల్ల చెయ్యి మల్ల చెయ్యి అన్నరు. వాళ్లు గూడ చేసిండ్రు, అన్ని చెడగొట్టిండ్రు. వాళ్ల సైన్స్ సారు ఉన్నడు చూడు, గడ్డమోడు, ఆయనైతే కాడ ఇరగ్గొట్టిండు. నేను కిష్టమ్మ లెక్క ఆయన చెవి మెలిపెట్టినట్టు చేసిన. మస్తు నవ్విండ్రు. నేను టీచర్‌ని, వాళ్లు పిల్లలు. గా గంట సేపు ఎంత మంచిగుండెనో తాతా.”

“మరి?”

“మరేముంది. ఎప్పుడు నేర్చుకున్నవ్ అన్నరు. పదేండ్లప్పుడు అన్న. అంతే, వాళ్ల మొఖాలు మాడినయ్. ఫ్రీడా వాళ్లమ్మ అక్కడే ఉండె, నన్ను పట్టుకొని ఏడ్చింది. నాకు కోపమొచ్చింది. ఏడ్సుడెందుకు? నేనేం చచ్చిన్నా? అప్పటిదాక సూపర్ అంటిరి, ఇప్పుడు అయ్యో అంటిరి. నా చెయ్యి అదే కదా!”

ఆ బడి వాళ్లు రేఖ ఫొటోతో, పదేళ్లప్పటి సంగతితో తమ పత్రికలో నాలుగు ముక్కలు రాసుకున్నారు. అది టికెట్లు కొన్న సంస్థ కంట పడింది. మీ పిల్ల చెప్పింది నిజమేనా అని సంస్థ గురుకులానికి ఉత్తరం రాసింది. ఇక మొదలైంది. ప్రిన్సిపాల్ రేఖను మూడుసార్లు గదికి పిలిచింది. దేశం పరువు తీశావంది. మన జిల్లా పరువు, బడి పరువు, ఆడపిల్లల పరువు. ఇన్ని పరువులు ఒక మొగ్గలో ఉన్నాయని అంతవరకు ఎవరికీ తెలియదు.

నేను పనిగట్టుకొని కోపం తెచ్చుకునే మనిషిని కాదు. కానీ ఆ చాయ్ బండి దగ్గర నాకు ఒళ్లు మండింది. ఏడేళ్లు ఆ పిల్ల చేలోకి పోయింది. దారిన పోయే ఆఫీసర్ల జీపులన్నీ చూశాయి. సెలవులయ్యాక పసుపు గోళ్లతో బడికొస్తే టీచర్లు చూశారు. పని చేయించుకున్నవాడిని ఎవరూ పిలిచి అడగలేదు. విత్తనం కొన్నవాడిని అడగలేదు. చూసి ఊరుకున్నవాళ్లను అడగలేదు. చెప్పిన పిల్లను మాత్రం మూడుసార్లు గదికి పిలిచారు!

కాగితం నా చేతికిచ్చింది. పైన ఇంగ్లిష్, కింద తెలుగు, టైపు చేసి ఉంది. ‘నేను ఎన్నడూ పొలం పని చేయలేదు. పుస్తకంలో చదివినది చూపించాను. ఇంగ్లిష్ సరిగా రానందువల్ల నా మాటలు తప్పుగా అర్థమైనవి.’ కింద విద్యార్థి సంతకానికి ఖాళీ, తల్లి వేలిముద్రకు ఖాళీ. రెండోది అప్పటికే నిండి ఉంది. రేపు పొద్దున ఈ కాగితం, పాస్‌పోర్టు ప్రిన్సిపాల్ బల్ల మీద ఉంటేనే హాస్టల్లోకి అడుగు. లేకపోతే టీసీ తీసుకొని ఇంటికి. పరీక్షలకు ఇంకా ఐదు నెలలున్నాయి.

“ఏ బుక్కుల ఉంది తాతా?” అంది రేఖ. “నీ సంచి నిండ బుక్కులే ఉన్నయ్ కదా. మొగ్గ ఎట్ల వలవాల్నో యాడన్న చదివినవా?”

“లేదు.”

“ఇంగ్లిష్ రాదంట నాకు. రెండు వారాలు ఫ్రీడాతోని ఏం మాట్లాడిన మరి, కన్నడమా?”

ముసలివాళ్లకు ఒక జబ్బుంటుంది, సలహా చెప్పకుండా ఉండలేరు. “సంతకం పెట్టు బిడ్డా,” అన్నాను. “కాయితమే కదా. ఐదు నెలలు ఓర్చుకుంటే నీ చదువు నీకుంటది. తర్వాత ఎవరికేం చెప్పాల్నో చెప్పు.”

రేఖ నా వంక చూసింది. కోపంగా కూడా కాదు. బస్సులో కండక్టర్‌ను చూసినట్టు చూసింది.

“ఉమ మేడం గూడ గిదే అన్నది. ఏడ్చుకుంట అన్నది. ఆమెది కాంట్రాక్టు నౌకరి, ఆమె బాధ ఆమెది. నీకేమున్నది తాతా భయం?”

నిజంగానే నాకేముంది? ఉద్యోగం లేదు, ఊరు లేదు, పోయేదేమీ లేదు. ఇంతసేపూ మనసులో మండిపడ్డ మనిషిని, నోరు తెరిచేసరికి ప్రిన్సిపాల్ మాటే నా నోట్లోంచి వచ్చింది.

“జనవరిల ఫ్రీడా వస్తది,” అంది రేఖ. “చేను చూపిస్త అని మాటిచ్చిన. ఇప్పుడు ఆమెకు కోట చూపిస్తరంట.” కాగితం నా చేతిలోంచి తీసుకొని, ఒళ్లో పెట్టుకొని వేలిముద్ర మీద వేలు ఆనించింది. “మా అవ్వకు చదివి వినిపియ్యలే నేను. హాస్టల్ కాయితం అన్న. చేలనుంచొచ్చి చెయ్యి కూడ కడుక్కోకుంట ఏసింది. చూడు ఎట్ల పడ్డదో.”

చూశాను. వేలిముద్ర అంటే సన్నని గీతలు సుడి తిరిగి ఉండాలి. ఇక్కడ గీతలు లేవు. ముప్ఫై ఏళ్లు మొగ్గలు వలిచి వలిచి అరిగిపోయిన వేలు అది. నున్నటి నీలం మచ్చ ఒక్కటే పడింది.

“రేషన్ దుకాణంల మిషనే తీసుకోదు మా అవ్వ వేలు,” అంది రేఖ. “నాలుగు సార్లు నొక్కుమంటరు, ఎనిమిది సార్లు నొక్కుమంటరు. గింత పనిచేసిన వేలు పెట్టి, మేం పని చెయ్యలే అని రాసిస్తున్నం.”

దూరంగా హారన్ వినిపించింది. మా బస్సు కాదు, లారీ. ముందు సీటు ఆడమనిషి, “వస్తున్నది వస్తున్నది” అని మూట ఎత్తుకొని మళ్లీ దించింది.

రేఖ పెన్ను మూత తీసింది. ఈసారి మళ్లీ పెట్టలేదు. కాగితాన్ని నా పుస్తకం మీద ఆనించి, టైపు చేసిన వాక్యాల మీద అడ్డంగా గీత కొట్టింది. ఒక్కో వాక్యానికి ఒక్కో గీత, తొందర లేకుండా. తల్లి వేలిముద్ర చుట్టూ మాత్రం గీత తగలకుండా సున్నా చుట్టింది. దాని పక్కన ఇంగ్లిష్‌లో రాయడం మొదలుపెట్టింది. తలవంచి చదివాను, దాచుకోలేదు తను. తను పదేళ్ల వయసు నుంచి పత్తి మొగ్గలు ఒలుస్తున్నదని, తల్లి సత్యమ్మ నేర్పిందని, చేయించుకున్నవాళ్లెవరో అడిగితే వాళ్ల పేర్లు కూడా చెప్పగలనని, జర్మనీలో చెప్పిన ప్రతి మాటా నిజమని, ఆ వేలిముద్రను ఒకసారి సరిగ్గా చూడమని. ఎనిమిది వాక్యాలు. నాకు తెలిసినంతలో ఒక్క తప్పు లేదు. ఇంగ్లిష్ సరిగా రాదన్న వాక్యం వాటి పైనే, గీత కింద, కనిపిస్తూనే ఉంది.

సంతకం పెట్టింది. తారీఖు వేసింది. తెలుగులో అదంతా ఒకసారి పైకి చదువుకుంది, మెల్లగా, అక్కడ లేని తల్లికి వినిపిస్తున్నట్టు.

“రేపు హాస్టల్ల రానియ్యకపోతే?” అన్నాను.

కాగితం ఫోల్డర్లో పెట్టి, పాస్‌పోర్టు తీసి చుడీదార్ జేబులో వేసుకుంది. అది మాత్రం ఇచ్చేది లేదనుకుందేమో. పెన్ను మూత బిగించి నా పుస్తకం మీద పెట్టింది. సంచి భుజానికెత్తుకుంది. డ్రైవర్ ఇంకా ఫోన్లోనే ఉన్నాడు. “యాడికమ్మా, బస్సొస్తది, ఆగు” అన్నాడు కండక్టర్. ఆమె అప్పటికే, వనపర్తి బస్సులు దొరికే పెబ్బేరు వైపు, రోడ్డు అంచున నడుస్తోంది. వడ్ల లారీ ఒకటి దుమ్ము లేపుకుంటూ పక్కనుంచి పోయింది. దుమ్ము తగ్గేసరికి నీలం చుడీదార్ కల్వర్టు దాటి, అదే నడకతో, చాలా దూరం పోయింది.